తోడు ఇవ్వని పెట్టె

"సెక్యూరిటీ కోసం" అన్న మాట వింటే నాకు ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

మా కంపెనీ పాల కేంద్రాలకు పెట్టెలు చేసి అమ్ముతుంది. పాలు పోస్తే ఫ్యాట్, అంటే వెన్న శాతం, ఎంతుందో చూసి స్లిప్పు కొట్టే పెట్టెలు; పాల ధర ఆ అంకెను బట్టే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో వాటికి ఏ జబ్బు చేసినా వైద్యుణ్ణి నేనే. వనపర్తిలో ఒక గది, ఒక బండి, వీపు మీద కంపెనీ పేరున్న చొక్కా. అదే నా దవాఖాన.

ఆ పెట్టె లోపల మేము రాసింది చారెడు. ఫైళ్ళు కాపీ చేసేది, వరుసలో పేర్చేది, తేదీ చెప్పేది, ఆదేశాలు అందుకునేది, ఇలా అడుగున ఉండి చాకిరీ చేసే చిన్న చిన్న పనిముట్లన్నీ ఎవరో ఏళ్ళ తరబడి రాసి ఉచితంగా ఇచ్చినవి. వాటికి ఒకే షరతు. వాడుకో, మార్చుకో, అమ్ముకో. కానీ నీ దగ్గర కొన్నవాళ్ళు అడిగితే వాటి కోడ్ ఇవ్వాలి, మార్చుకుని మళ్ళీ అదే పెట్టెలోకి ఎక్కించుకునే దారి మూయకూడదు. అందువల్ల బయటివాళ్ళ కోడ్ ఎక్కకుండా మా పెట్టెకు తాళం వేయడం కుదిరేది కాదు.

ఆ దారి వాడుకున్నది నాకు తెలిసి ఒక్క మనిషే. ఖిల్లా ఘణపూర్ దగ్గరి ఊళ్ళో పాల కేంద్రం నడిపే అమ్మాయి, డిగ్రీ చదివింది. పాలు పోసేవాళ్ళలో చాలామందికి స్లిప్పు చదవడం రాదు. ఆమె చదివి చెబితే నమ్మరు, ఫ్యాట్ తగ్గించి చెబుతోందని వెనక గొణుగుడు. దొంగ అనిపించుకోలేక కోడ్ అడిగి తీసుకుని, నాలుగు ముక్కలు చేర్చింది. స్లిప్పుతో పాటు పెట్టె అంకె పైకి చెప్పడం మొదలుపెట్టింది. తన గొంతుతో అంకెలు రికార్డు చేసిన రోజు ఆమెకు జలుబు. పెట్టెకు పడిశం పట్టిందని ఊరంతా నవ్వుకుని, ఆ ముక్కు గొంతునే నమ్మారు.

"గొంతు ఆమెదే గదా పెద్దమ్మా, ఆమెను నమ్మరు గని పెట్టెను నమ్ముతరా?" అని ఒక ముసలమ్మను అడిగాను.

"పెట్టెకు దోచిపెట్టనీకి అత్తగారిల్లు లేదు బిడ్డా," అంది.

ఆ షరతు సంగతి అమ్మాయికి పాలలో వేసే తోడు పేరు చెప్పి వివరించాను. తోడు తీసుకుపోయి తోడేసుకున్న పెరుగు నువ్వు అమ్ముకోవచ్చు, ఇంకొకరు వచ్చి తోడు అడిగితే మాత్రం లేదనొద్దు.

"గింత దానికి లైసెన్స్ ఎందుకన్నా? తోడు లేదనే ఇల్లు ఉంటదా?"

ఉంటుంది. హైదరాబాద్‌లో ఉంది, మా హెడ్డాఫీసే, ఏసీ కూడా ఉంది. వీడియో మీటింగ్‌లో మేనేజర్ చెప్పాడు: పాత పనిముట్లన్నీ తీసేసి, అదే పని చేసే కొత్తవి పెడుతున్నాం, వీటికి ఆ షరతు లేదు, రాసినవాళ్ళ పేరొకటి ఉంచితే చాలు. సెక్యూరిటీ కోసం. కొత్తవి రాసినవాళ్ళ మీద నాకు కోపం లేదు. బాగా రాశారు, వాళ్ళూ ఉచితంగానే ఇచ్చారు. రోత పుట్టించింది ఆ తర్వాతి మాట. షరతు పోయింది కాబట్టి ఇక పెట్టెకు తాళం వేస్తారట.

"ఖిల్లా ఘణపూర్ దగ్గరి కేంద్రంలో పెట్టెకు మాట పోతుంది సార్," అన్నాను. తోడు సంగతీ చెప్పాను.

"తోడెందుకండీ, పెరుగు ప్యాకెట్ కొనుక్కోమనండి," అన్నాడు. అందరూ నవ్వారు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళను చూశాను గానీ, దాని మంటలో చలి కాచుకునేవాళ్ళను అప్పుడే చూశాను. చివరి స్లయిడ్ మీద "మేము ఓపెన్ సోర్స్‌ను ప్రేమిస్తాం" అని ఎర్ర గుండె బొమ్మ. ఉమ్మేద్దామనిపించింది, కానీ లాప్‌టాప్ నాది.

అప్‌డేట్ నెట్‌లో దానంతటదే వచ్చి దిగింది. అమ్మాయి ఫోన్ చేసింది.

"అన్నా, పెట్టెకు మాట పడిపోయింది."

వెళ్ళాను. కొత్త పనిముట్లు తప్పు పట్టడానికి లేకుండా పనిచేస్తున్నాయి. ఆమె రాసిన ముక్కలను మాత్రం పెట్టె తీసుకోవడం లేదు, కంపెనీ డిజిటల్ సంతకం కావాలంటోంది. ఆఫీసుకు ఫోన్ చేస్తే పాలసీ అన్నారు.

"నేను కొన్న పెట్టెనే గదన్నా?" అంది. చొక్కా మీది కంపెనీ పేరు కనపడకుండా వీపు గోడకు ఆనించాను.

అంతలో ఆ ముసలమ్మే వచ్చి పాలు పోసింది. అలవాటుగా చెవి పెట్టెవైపు వంచింది. స్లిప్పు వచ్చింది, పెట్టె పలకలేదు.

"ఆరు పాయింట్ రెండు, పెద్దమ్మా," అంది అమ్మాయి.

"నువ్వెందుకు చెప్తున్నవ్?"

జవాబు కోసం ఆగలేదు. స్లిప్పు రొంటిన దోపుకుని రోడ్డు దాటి హోటల్‌కు పోయి, చాయ్ పోసే అతని చేతికిచ్చింది. అతను వెలుతురుకు పట్టి చదివాడు. ఆరు పాయింట్ రెండు అన్నాడు. ముసలమ్మ అప్పుడు నమ్మింది.