రెండు జట్ల మఫ్లర్

మా ఆఫీసులో ఏసీ మీట ఒక ప్లాస్టిక్ పెట్టెలో ఉంటుంది. పెట్టెకు తాళం ఉంటుంది. తాళంచెవి మా ముదీర్, అంటే మేనేజరు, దగ్గర ఉంటుంది. ముదీర్ ఎక్కువగా వేరే బ్రాంచిలో ఉంటాడు. బయట కారు స్టీరింగు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది; లోపల నేను వేళ్ళు రుద్దుకుంటూ టైపు చేస్తుంటాను. రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే ‘గమనించాం’ అని జవాబొచ్చింది. గమనించే ఉంటారు. మర్నాటి నుంచి ఇంకాస్త చల్లగా ఉంది.

అందుకని ఒక సాయంత్రం, దుబాయ్ అవతలి అజ్మాన్‌లో మా ఇంటి దగ్గరి బజారుకు మఫ్లర్ కోసం వెళ్ళాను. ఆ ఎండల్లో ఉన్ని మఫ్లర్ అడిగినవాణ్ణి దుకాణదారు జాలిగా చూశాడు. లోపల వెతికి, దుమ్ము దులిపి, ఫుట్‌బాల్ అభిమానులు మెడలో వేసుకునేదొకటి తెచ్చాడు. ఒక సగం ఎరుపు, ఒక సగం లేత నీలం. “దోనో టీమ్ హై భాయ్,” అన్నాడు, ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నట్టు.

ఆ రంగులు చూడగానే నేను చలి సంగతి మరిచిపోయాను. ఆ రెండూ ఇంగ్లండులో ఒకే ఊరి జట్లు. మా ఆవిడది లేత నీలం. వాళ్ళన్నది, అంటే మా బావది, ఎరుపు. నెల్లూరు మనుషులే గానీ ఇద్దరూ షార్జాలో పెరిగారు. మేం గుంటూరులో క్రికెట్‌కి అన్నం మానేసినట్టు వీళ్ళు ఫుట్‌బాల్‌కి మానేసేవాళ్ళట. ఆ రెండు జట్లూ తలపడిన ప్రతిసారీ బావ షార్జా నుంచి మా ఇంటికి రావడం, మా ఆవిడ ముందురోజే చేపల పులుసు కాచి ఉంచడం, ఓడినవాళ్ళు గిన్నెలు తోమడం ఆనవాయితీ. నేను ఏ జట్టూ కాదు గనక ఎవరు ఓడినా తోముతూ ఉండేవాణ్ణి.

కరోనా కాలంలో, ఖాళీ స్టేడియాల్లో ఆటలు జరిగిన రోజుల్లో, అన్నాచెల్లెళ్ళు ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ఫోనులో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ మ్యాచ్ చూశారు. బావ జట్టు ఓడింది. మా ఆవిడ స్టీలు పళ్ళెం, గరిటె తెచ్చి ఫోను ముందు మోగించింది. అంతకు కొన్ని నెలల ముందే మన దేశమంతా పళ్ళేలు మోగించింది, ఎవరూ నొచ్చుకోలేదు. బావ నొచ్చుకున్నాడు. ఫోను పెట్టేశాడు, ఫ్యామిలీ గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత దారులు తెరిచారు, మాస్కులు తీసేశారు, ఆయన మాత్రం రాలేదు. షార్జాకీ అజ్మాన్‌కీ మధ్య దూరం లేదు గానీ ట్రాఫిక్ ఉంది. అలిగినవాళ్ళకి అది చాలు.

“చిన్నదాన్ని, నేనెందుకు చెయ్యాల ఫోను? తనే చెయ్యాల,” అనేది మా ఆవిడ. పులుసు మాత్రం ఎప్పటిలా పెద్ద గిన్నెలోనే కాచేది. మ్యాచ్ రోజున సోఫాలో వాళ్ళన్న కూర్చునే మూల ఖాళీగా ఉంచేది. నేను పొరపాటున అటు జరిగితే, “ఆడ వద్దు, ఏసీ గాలి నేరుగా తగల్తాది,” అనేది. ఈ దేశంలో నన్ను చలి నుంచి కాపాడాలని చూసిన మనిషి ఆమె ఒక్కతే.

మావైపు పెళ్ళిళ్ళలో రెండువైపుల చుట్టమని ఒకాయన ఉంటాడు. మేనరికాల పుణ్యమా అని అటు పెళ్ళికొడుక్కి మేనమామ, ఇటు పెళ్ళికూతురికి పెదనాన్న. అటు విడిదిలో కాఫీ తాగుతాడు, ఇటు వంటల దగ్గర ఉప్పు చూస్తాడు. ఎవరు అలిగినా తీర్చేది ఆయనే. ఆ మఫ్లర్‌లో నాకు ఆయన కనిపించాడు. కొని, మెడలో వేసుకునే ఇంటికెళ్ళాను.

“ఏందిది?” అంది మా ఆవిడ.

“మఫ్లర్. రెండు జట్లూ ఉన్నాయి. ఆదివారం మ్యాచ్‌కి మీ అన్నయ్యని పిలువు, నేనిది వేసుకుని మధ్యలో కూర్చుంటాను. ఎవరూ నొచ్చుకోరు.”

“ఎవురూ నొచ్చుకోకూడదంటే ఇంగ ఆటెందుకు?”

పెళ్ళి చుట్టం సంగతి చెప్పాను.

“పెళ్ళిలో ఎవురూ ఓడిపోరు గదా,” అంది.

ఆ విషయంలో నాకు కొన్ని అభిప్రాయాలున్నాయి.

“తియ్యి ముందు దాన్ని. కాదు, ఆగు. కదలొద్దు.” ఫోనుతో నన్నొక ఫోటో తీసి, ఒక్క మాట కూడా రాయకుండా వాళ్ళన్నకు పంపింది. కాసేపటికి ఫోను మోగింది. పళ్ళెం మోగించిన తర్వాత ఆ నంబరు నుంచి అదే మొదటి ఫోను. ఆమె స్పీకరు పెట్టింది.

“నిజమేనా అది?” అన్నాడు బావ. పలకరింపు లేదు.

“నిజమే. మెళ్ళో ఏసుకోనుండాడు.”

“అది టూరిస్టులు ఏసుకునేది మే! సెల్ఫీ దిగి, పార్కింగ్ ఖాళీగా ఉంటాదని సగం ఆటలో లేచిపొయ్యేవాళ్ళు.”

“ఒకే పెళ్ళిలో ఇద్దరి కాడా రిటర్న్ గిఫ్ట్ తీసుకునే రకం.”

“గోల్ పడితే ఏ సగం ఊపుతాడో అడుగు మీ ఆయన్ని.”

“ఏదీ ఊపడంట. నొచ్చుకుంటారంట.”

ఇద్దరూ నవ్వారు. నేను అక్కడే ఉన్నాను. నన్నెవరూ ఏమీ అడగలేదు. అలాంటి మఫ్లర్ నేసేవాళ్ళని, అమ్మేవాళ్ళని, కొనేవాళ్ళని వరసగా తిట్టారు. వాళ్ళిద్దరి మధ్య అంత ఏకాభిప్రాయం నేనెన్నడూ చూడలేదు. చివర్లో బావ గొంతు తగ్గింది.

“పులుసు కాస్తుండావా?”

“కాస్తా.”

“ఆదివారం వస్తాలే. ఆ గుడ్డ హాల్లో కనబడిందంటే మాత్రం ఖలాస్. వచ్చిన దారినే పోతా.”

మా ఆవిడ మఫ్లర్‌ని నా మెడలోంచి తీసి వంటింటి కొక్కేనికి తగిలించింది. “మసిగుడ్డకి పనికొస్తాదిలే,” అంది. ఆ రాత్రి ఏదో కూనిరాగం తీస్తూనే ఉంది. మర్నాడు ఆఫీసులో నా మెడ మళ్ళీ చల్లబడింది. పెద్దగా పట్టించుకోలేదు.

ఆ ఏడాది చివర పక్క దేశంలో ప్రపంచకప్ జరిగినప్పుడు, దుబాయ్‌లో పెద్ద తెర ముందు అలాంటి మఫ్లర్ వేసుకున్నవాణ్ణొకణ్ణి చూశాను. ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. గోల్ పడ్డప్పుడల్లా ఏ జట్టువాళ్ళు ఆ జట్టువాళ్ళని కావలించుకున్నారు. అతను తన జ్యూస్ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. దగ్గరికెళ్ళి పలకరిద్దామనుకున్నాను గానీ, పక్కన మా ఆవిడ ఉంది.

అది తర్వాతి మాట. ముందు, ఆ ఆదివారం బావ ఎర్ర చొక్కాలో వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి హాలంతా ఓసారి కలయజూశాడు. తర్వాత వెళ్ళి తన మూలలో కూర్చున్నాడు. “బో చలిగా ఉండాదే ఈడ,” అన్నాడు. చెల్లెలు ఆయన్ని జరగమనలేదు. మ్యాచ్ మొదలైంది. ఇద్దరూ రిఫరీని చెరోవైపు నుంచి తిట్టారు. విరామంలో మా ఆవిడ, టీవీ మీంచి చూపు తిప్పకుండా, “యల్లా, తొందరగా పులుసు తీసుకురా,” అంది.

గిన్నె కాలుతోంది. చేతికందిన గుడ్డతో పట్టుకున్నాను. ఒక చెవిని ఎర్ర కొస, ఇంకో చెవిని నీలం కొస. ఉన్ని వేడిని బాగానే ఆపుతుంది. అలాగే జాగ్రత్తగా హాల్లోకి నడిచి, బావ ముందు దించాను.

మా ఆవిడ నా వంక చూడలేదు. వాళ్ళన్న వంక చూసింది. ఆయన మఫ్లర్‌ని చూశాడు, పులుసుని చూశాడు, గుమ్మం వైపు చూశాడు. చివరికి పళ్ళెం దగ్గరికి లాక్కుని, చెల్లెలి వైపు తిరిగాడు.

“నిన్ను ఈ మనిషికి ఎట్టా ఇచ్చినాం మే?”