మూడో పిలుపుకు లేచిన అమ్మాయి

రిటైరవడానికి నాలుగేళ్ల ముందు, వేసవి సెలవుల తర్వాత కోర్టులు తెరిచిన వారంలో, నన్ను ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వైపు ఒక మేజిస్ట్రేటు కోర్టుకు అటెండరుగా బదిలీ చేశారు. అంతకుముందు ఆరేళ్లు ఏలూరులో జువెనైల్ జస్టిస్ బోర్డు దగ్గర పనిచేశాను. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల మీద కేసు పెడితే దాన్ని విచారించేది ఆ బోర్డు. మేజిస్ట్రేటు గారు, ఇద్దరు సభ్యులు మామూలు బల్ల దగ్గర కూర్చుంటారు. పిల్లలకు బేడీలు వేయకూడదు, పోలీసులు యూనిఫాంలో రాకూడదు. మరిచిపోయి వచ్చే కానిస్టేబుళ్ల కోసం నా బీరువాలో రెండు గళ్ల చొక్కాలు ఉంచేదాన్ని. అవి ఒక్కరికీ సరిపోయేవి కావు. బొత్తాలు పట్టక అవస్థపడే పోలీసును చూసి ఏడుస్తున్న పిల్లలు కూడా నవ్వేవారు.

కొత్త చోట చొక్కాల అవసరం లేదు. అది పెద్దవాళ్ల కోర్టు. నా పని ఫైళ్లు అందించడం, వాకిట్లో నిలబడి పేర్లు పిలవడం. ఒక్కో పేరు మూడుసార్లు పిలవాలి. మూడో పిలుపుకూ రాకపోతే గైర్హాజరు రాస్తారు.

చేరిన రెండో వారం ఒక రొయ్యల షెడ్డు కేసు వచ్చింది. ఆ షెడ్డుకు కొల్లేరు లంక గ్రామాల నుంచి, ఆకివీడు మీదుగా రోజూ బస్సులో ఆడవాళ్లను తీసుకొచ్చేవారు. జ్వరంతో కింద కూర్చుండిపోయిన పనిపిల్లను సూపర్‌వైజరు జడ పట్టుకుని లేపాడు. ఆ పిల్ల చేతిలో ఉన్న రొయ్యలు ఒలిచే కత్తితో అతని భుజం మీద పొడిచింది. కుట్లు పడ్డాయి. హత్యాయత్నం కింద కేసు రాసి తీసుకొచ్చారు. కాగితాల్లో పేరు మేరీ కుమారి, వయసు పంతొమ్మిది, చదువు లేదు, వేలిముద్ర. రుజువుగా షెడ్డువాళ్లు ఇచ్చిన ఆధార్ కార్డు నకలు జతచేశారు.

నేను పేరు పిలిచాను. వరండాలో బెంచీ మీద కూర్చున్న పిల్ల కదల్లేదు. రెండోసారీ కదల్లేదు. మూడోసారి పిలిచాక మహిళా కానిస్టేబులు మోచేత్తో పొడిస్తే లేచింది.

నాకు అనుమానం రాలేదని చెప్పను. కానీ మా వైపు ఇంట్లో పిలిచే పేరొకటి, రికార్డు పేరొకటి ఉండడం మామూలే. మా ఆయన పోయాక స్వీపరుగా చేరిన కొత్తలో, సూపరింటెండెంటు గారు నాగరత్నం అని నా రికార్డు పేరుతో కేకేస్తే నేను పక్కవాళ్ల వైపు చూసేదాన్ని. ఊళ్లో అందరికీ నేను చిన్నమ్మినే. ఈ పిల్లదీ అంతే అనుకుని ఊరుకున్నాను. ఆ రోజు ఆమెను పదిహేను రోజుల రిమాండుకు, పెద్దవాళ్లుండే మహిళా జైలుకు పంపారు.

పదిహేను రోజుల తర్వాత మళ్లీ తీసుకొచ్చారు. కేసు మధ్యాహ్నం తర్వాత ఉంది. వరండాలో కూర్చోబెట్టారు. ఎదురుగా గోడకు ఆ రోజు కేసుల జాబితా అంటించి ఉంది. నేను ఫైళ్లతో వస్తూ చూస్తే ఆ పిల్ల జాబితా వైపు చూస్తోంది, పెదవులు కదులుతున్నాయి. ఒక వరుస అయ్యాక కళ్లు కింది వరుసకు దిగాయి.

నేను ముప్పై ఎనిమిదో ఏట చర్చి సాయంత్రం బడిలో అక్షరాలు నేర్చుకుని, ఏడో తరగతి పరీక్ష రాసి అటెండరునయ్యాను. ఇప్పటికీ పెదవులు కదపకుండా చదవలేను. చదవడం అంటే ఏమిటో నాకు తెలుసు. ఆ పిల్ల చదువుతోంది. మరి కాగితాల్లో వేలిముద్ర ఎందుకు వేసింది?

కస్టడీలో ఉన్న మనిషితో కేసు గురించి మాట్లాడడం అటెండరుకు తగని పని. బయట సైకిల్ స్టాండు నీడలో వాళ్లమ్మ టిఫిన్ క్యారేజీతో కూర్చుని ఉంది. మంచినీళ్లిచ్చి పక్కన కూర్చున్నాను. ఎంతమంది పిల్లలని అడిగాను. ఇద్దరాడపిల్లలేనంది. పెద్దదానికి బాలింత స్నానం చేయించి నెల కూడా కాలేదంది. చిన్నది రూతు, ఎనిమిదో తరగతితో బడి మానేసిందంది.

“రూతు ఇప్పుడు ఎక్కడుందమ్మా?” అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత నేను అడగకుండానే అంతా చెప్పింది. పద్దెనిమిది దాటితేనే షెడ్డులో పని. పెద్దమ్మాయికి నెలలు నిండాక ఆమె కార్డు మీద చిన్నమ్మాయి వెళ్లడం మొదలుపెట్టింది. వాళ్ల బస్సులో అలా వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారట. అక్కకు చదువు లేదు గనక చెల్లెలూ వేలిముద్రే వేసేది. పోలీసులు వచ్చినప్పుడు కూడా ఆ పేరే చెప్పింది. “నిజం చెబితే బాలింతను పట్టుకుపోతారని షెడ్డు మేస్త్రీ చెప్పాడండీ. మీరు ఎవరికీ చెప్పకండీ,” అని నా చెయ్యి పట్టుకుంది.

చిన్నపిల్లనన్న మాట ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా చెప్పుకోవచ్చునని, చెప్పగానే కోర్టు వయసు విచారించి తీరాలని ఏలూరులో వందసార్లు విన్నాను. ఆధార్ కార్డు వయసుకు రుజువు కాదు. ముందు బడి రికార్డు చూడాలి. కానీ ఎవరో ఒకరు నోరు విప్పాలి. ఉచిత న్యాయసహాయం కింద ఆ కేసు చూస్తున్న లాయరమ్మాయికి చెప్పాను. ఆమె వెంటనే వెళ్లి అడిగింది. “నేను మేరీనేనండీ,” అంది పిల్ల, తలెత్తకుండా. తల్లినీ అడిగితే ఆమె కూడా మేరీయే అంది. లాయరమ్మాయి వెనక్కి వచ్చి, ఇద్దరూ కాదంటుంటే ఏమని పిటిషన్ వేయనండీ అని నన్నే అడిగింది.

బెంచి క్లర్కు గారికి చెప్పాను. ఆయన ఫైలు మీంచి కళ్లు ఎత్తకుండా, “నాగరత్నం గారూ, మీ బోర్డు ఏలూరులో ఉందండీ. ఇక్కడ జాబితాలో ఉన్నది పిలవండి చాలు,” అన్నారు.

మూడున్నరకు ఆ కేసు వచ్చింది. నాలుగింటికి ఎస్కార్టు వ్యాను బయల్దేరాలి. రిమాండు పొడిగింపు కాగితం అప్పటికే టైపు చేసి సంతకానికి బల్ల మీద ఉంది. వాకిట్లోకి వెళ్లి జాబితాలో ఉన్న పేరు పిలిచాను. పిల్ల కదల్లేదు. రెండోసారి పిలిచాను. కానిస్టేబులు మోచెయ్యి లేస్తోంది.

మూడోసారి, అదే గొంతుతో, “రూతూ” అని పిలిచాను.

నిటారుగా లేచి నిలబడింది. లేచాక గానీ తను ఏం చేసిందో ఆమెకు తెలియలేదు. వాళ్లమ్మ వరండా అవతలి చివర నుంచి పరుగెత్తుకొచ్చింది. తలుపు తెరిచే ఉంది. లోపలి నుంచి మేజిస్ట్రేటు గారు అంతా చూశారు.

ఆ పేరు ఎవరు పిలిచారని అడిగారు. నేనేనండీ అన్నాను. నన్ను పక్కన నిలబడమన్నారు. లాయరమ్మాయి లేచి, ముద్దాయి మైనరని, కాగితాల్లో రాసినట్టు చదువు లేనిది కాదని, వయసు విచారించమని నోటిమాటగా కోరింది. పోలీసు తరఫున కార్డు చూపించారు. మేజిస్ట్రేటు గారు కార్డు పక్కన పెట్టి, కేసుల జాబితా తెప్పించి పిల్ల చేతికిచ్చి చదవమన్నారు. ఆమె కాగితం వైపు కాకుండా తల్లి వైపు చూసింది.

“అక్కని తీసుకెళ్లరు కదండీ?” అంది.

ఈ రోజు ఎవరినీ తీసుకెళ్లరని, ముందు చదవమని ఆయన చెప్పారు. ఆమె చదివింది. నాకంటే వేగంగా చదివింది.

టైపు చేసిన కాగితం మీద సంతకం పడలేదు. ఆ సాయంత్రం ఆమెను జైలుకు కాకుండా బాలికల హోముకు పంపారు. బడి నుంచి అడ్మిషన్ రిజిస్టరు తెప్పించి చూస్తే, నేరం జరిగిన రోజుకు ఆమెకు పదిహేనేళ్ల నాలుగు నెలలు. కేసు ఏలూరు బోర్డుకు వెళ్లింది. పొడవడం నిజమేనని బోర్డు తేల్చింది. ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో తల్లి దగ్గరే ఉంచారు, తొమ్మిదో తరగతిలో చేర్చమన్నారు. కార్డు సంగతి వేరే విచారణకు పోయింది. అక్క రెండుసార్లు పసిబిడ్డతో స్టేషనుకు వెళ్లాల్సి వచ్చింది. మేస్త్రీ భయపెట్టినంతా జరగలేదు గానీ, అందులో కొంత జరిగింది.

జాబితాలో లేని పేరు పిలిచినందుకు నాకు మెమో ఇచ్చారు. జవాబు నేనే రాసుకున్నాను. పిలవడం నిజమని, అలా పిలిచే అధికారం నాకు లేదని, మొదటి రిమాండు రోజునే అనుమానం వచ్చినా చెప్పలేదని రాశాను. చివరి మాట ఎవరూ అడగలేదు, అయినా రాశాను. హెచ్చరిక నా సర్వీసు రిజిస్టరులో చేరింది. అప్పీలు చేసుకోమన్నారు, చేసుకోలేదు.

అప్పుడు తెలుసుకున్నది ఒక్కటే. లోపల కూర్చున్నవారి ముందుకు కాగితం, మనిషి కలిసి వస్తాయి. ఆ రెండూ ఒకదానికొకటి సరిపోకపోతే ముందు కనిపించేది వాకిట్లో ఉన్నవాళ్లకు. కనిపించిన రోజే చెప్పాలి, పదిహేను రోజుల తర్వాత కాదు. ఆ తర్వాత నా సర్వీసులో చిన్న వయసువాళ్లెవరైనా తమ పేరుకు మొదటి పిలుపులో లేవకపోతే, చీటీ మీద రాసి బెంచి క్లర్కు గారికి ఇచ్చేదాన్ని. ఆయన విసుక్కునేవారు. చాలాసార్లు అది చెవుడో నిద్రో అయ్యేది. రెండుసార్లు మాత్రం కాలేదు.