కుడితి గోలెంలో ఐసునీళ్లు

కొత్వాల్‌గూడ యాదయ్యకు బర్రెలంటే ప్రాణం. చుట్టూ చేలన్నీ ప్లాట్లయిపోయి, మేపడానికి గట్టు కూడా మిగలని రోజుల్లో గుండె రాయి చేసుకొని వాటిని అమ్మేశాడు. అవి కుడితి తాగిన గోలెం మాత్రం పెరట్లో అలాగే ఉండిపోయింది. మనిషి కూర్చుంటే నడుము దాకా మునిగేంత సిమెంటు గోలెం. భార్య భాగ్యమ్మ అందులో పొయ్యికట్టెలు వేసుకునేది. యాదయ్య ఇప్పుడు ఆ ప్లాట్లకే కాపలా ఉంటున్నాడు.

వాళ్లకు ఒక్కతే కూతురు, మనీషా. ఎయిర్‌పోర్టులో ప్రయాణికుల సామాను వచ్చే బెల్టు దగ్గర పని. పొద్దంతా నిలబడే కొలువు. సెలవు దొరికితే చాలు, బూట్లు సంచిలో వేసుకొని ఫుట్‌బాల్ ఆడటానికి పోతుంది. కాలేజీలో మొదలైన ఆటను ఉద్యోగం వచ్చినా వదల్లేదు. యాదయ్య వద్దని ఎన్నడూ అనలేదు, చూడటానికీ ఎన్నడూ పోలేదు. నిక్కరు వేసుకొని పదిమందిలో ఉరికే బిడ్డను ఎట్లా చూడాలో ఆయనకు తెలియలేదు. ఊళ్లో ఎవరైనా అడిగితే "డ్యూటీకి పోయింది" అని మాట మార్చేవాడు.

ఆ శనివారం బుద్వేల్‌లో టోర్నమెంటు. అన్నీ ఉద్యోగాలు చేసుకుంటూ ఆడే అమ్మాయిల జట్లే. మధ్యాహ్నం గెలిచి వచ్చిన మనీషా ఆటో దిగడానికే అవస్థ పడింది. పిక్కలు బిగుసుకుపోయాయి. గోడ పట్టుకొని వచ్చి అరుగు మీద కూలబడింది.

"రేపు ఫైనల్ ఉంది బాపూ. గిట్లుంటె ఉరుకుడు కాదు, నడుసుడే కష్టం" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఉండు బిడ్డా, వేన్నీళ్లు కాగవెడ్త."

"వేన్నీళ్లొక్కటే కాదు. మా కోచ్ వీరేందర్ సారు ఐసునీళ్లల్ల కూసోమన్నడు. కొద్దిసేపు సల్లటియి, కొద్దిసేపు వేడియి. గట్ల మార్చి మార్చి కూసుంటె కాళ్లు జర తేలికైతయట. అందరికీ పనిచేస్తదని లేదు, జేసి సూడుమన్నడు."

వంటింట్లోంచి భాగ్యమ్మ గయ్యిమంది. "ఆడి ఆడి వచ్చి ఐసునీళ్లల్ల కూసుంటవా? సలిజొరం వచ్చి దవాఖానల పడ్తవు. మీ సారుకేంది, చెప్పి పోతడు!"

"అయినా గంత పెద్ద టబ్బు మనింట్ల ఏడుందమ్మా" అని మనీషా తల గోడకు ఆనించింది.

యాదయ్య కూతురి కాళ్ల వంక చూశాడు. తర్వాత పెరట్లోకి పోయి, గోలెంలోంచి కట్టెలు తీసి పక్కన పేర్చసాగాడు. భాగ్యమ్మ వెనకాలే వచ్చింది.

"మతి పోయిందా నీకు? బర్రెలు తాగిన గోలెంల పిల్లను కూసోవెడ్తవా?"

"బర్రెలు మనకన్న సాఫ్‌గుంటయి. నువ్వు పొయ్యి ముట్టియ్యి."

కొబ్బరిపీచుతో, సబ్బుతో గోలెం అడుగు తేలేదాకా రుద్దాడు. బండి మీద శంషాబాద్ పోయి, ఐసుగడ్డను గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. రోకలితో పగలగొట్టి నీళ్లలో వేసి, ముంజేయి ముంచి చూశాడు. చలి ఎముకల దాకా పాకింది.

"గీ నీళ్లల్ల ఎట్ల కూసుంటవే బిడ్డా?"

"కూసుంట. నువ్వు పక్కనుండు."

చుడీదారుతోనే దిగింది. దిగగానే ఊపిరి ఎగబీల్చి, గోలెం అంచు పట్టుకుంది. పళ్లు టకటకలాడాయి. యాదయ్య భయపడి లేపబోతే వద్దని తల ఊపి, ఆయన చేయి గట్టిగా పట్టుకుంది. పెద్దదయ్యాక బిడ్డ తన చేయి అలా పట్టుకున్నట్టు ఆయనకు గుర్తులేదు.

"ఏదన్న మాట్లాడు బాపూ. ఊకుంటె ఇంకింత సలి వెడ్తది."

ఏం మాట్లాడాలి? ఆయనకు తోచింది ఒక్కటే. "ఆటల నువ్వు ఏడ నిలవడ్తవు?"

వణుకుతూనే మనీషా ఆయన మొహంలోకి చూసింది. ఇన్నేళ్లలో ఆయన ఆ మాట అడగడం అదే మొదలు.

"ఎనక, గోల్‌కు ముంగట. అవతలోళ్లు బాల్ తీస్కొని ఉరికొస్తరు. నన్ను దాటి పోనియ్యొద్దు."

"అంటె, కాపలా."

"ఆ, కాపలానే!" మనీషా నవ్వేసింది.

"అయితె మనిద్దరిదీ ఒక్కటే కొలువు" అన్నాడు యాదయ్య.

భాగ్యమ్మ గొణుక్కుంటూనే కాగులోని వేన్నీళ్లు ప్లాస్టిక్ తొట్టిలో పోసింది. చేత్తో చూసి, చన్నీళ్లు కలిపి, స్టూలు మీద కూర్చోబెట్టి కూతురి కాళ్లు అందులో పెట్టించింది. మళ్లీ గోలెం, మళ్లీ తొట్టి. చివరికి ఆమే కింద కూర్చొని కూతురి పాదాలు కొంగుతో ఒత్తింది. "టమాట పండ్ల లెక్క ఎర్రగైనయి" అంది. గొంతులో కోపం పోయింది.

తెల్లారి మనీషా వాకిట్లో అటూ ఇటూ నడిచి చూసుకుంది. నొప్పి పూర్తిగా పోలేదు కానీ కాళ్లు మాట వింటున్నాయి. "నీళ్ల గుణమో, మంచిగ నిద్రవట్టిన గుణమో" అంది.

యాదయ్య అప్పటికే ఇస్త్రీ చొక్కా వేసుకొని బండి బయటికి తీశాడు. "ఆటో ఎందుకు, నేను తోల్కపోత."

"దించి వస్తవా బాపూ?"

"దించుడేంది? ఆట సూస్త."

గ్రౌండు అంచున మొదట ఇబ్బందిగానే నిలబడ్డాడు. బంతి కూతురి వైపు వచ్చాక అన్నీ మరిచిపోయాడు. అవతలి పిల్ల గాలిలా దూసుకొస్తుంటే మనీషా నేల మీద జారి, కాలు చాచి బంతిని తన్నేసింది.

"అడ్డం వడు బిడ్డా! పోనియ్యకు!"

అందరికన్నా తన గొంతే పెద్దగా వినపడింది. పక్కనున్నాయన "మీ అమ్మాయా?" అని అడిగాడు.

"నా బిడ్డే! మనీషా!"

చివర్లో ఒక్క బంతి ఆమెను దాటి గోల్‌లో పడింది. జట్టు ఓడింది. మనీషా గడ్డి మీద కూర్చొని మొహం దాచుకుంది. లోపలికి పోవచ్చో లేదో కూడా ఆలోచించకుండా యాదయ్య నడుచుకుంటూ వెళ్లి పక్కన కూర్చున్నాడు.

"పోయింది ఒక్కటే గద. నువ్వు ఆపినయి నాకు లెక్క దొరకలే."

ఆమె ఏడుస్తూనే ఆయన భుజానికి ఆనుకుంది.

తిరిగి వస్తుంటే హిమాయత్‌సాగర్ దగ్గరికి వచ్చేసరికి యాదయ్యకు వీపు మీద బరువు తెలిసింది. మనీషా నిద్రపోయింది. పడిపోతుందేమోనని రోడ్డు పక్కకు తీసి, రెండు కాళ్లూ నేలకు ఆనించి బండి ఆపాడు. చప్పుడు ఆగితే మెలకువ వస్తుందని ఇంజను మాత్రం ఆపలేదు. నెత్తి మీద విమానం కిందికి దిగుతూ పోయింది. ఆమె కదిలింది.

"ఇల్లు వచ్చిందా బాపూ?"

"ఇంక రాలే. పండుకో."