చెడితే నేనున్నప్పుడే

“...ఇవాళ ఒక్కరోజు ఆ మెయిన్ స్విచ్ మీద చెయ్యి వేశావో, బాబాయివని కూడా చూడను!”

“వేస్తానన్నానా?”

“వెయ్యనని కూడా అనలేదుగా.”

“చూద్దాం అన్నాను.”

“చూద్దాం ఏంటి చూద్దాం? లోపల గుడ్లు చిట్లుతున్నాయి బాబాయ్! చేతులు జేబుల్లో పెట్టుకో. రెండూ!”

కోడిగుడ్లు పొదిగించే హేచరీ గుమ్మానికి అడ్డంగా నిలబడి అన్న కూతురు కేకలేస్తుంటే ఆయన బుద్ధిగా రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. కళ్లు మాత్రం ఆమె భుజం మీదుగా గోడకున్న మెయిన్ స్విచ్ మీదే ఉన్నాయి.

ఆయనకున్న జబ్బు అదొక్కటే. ఎక్కడ జనరేటర్ కనిపించినా మెయిన్ తీసి, కరెంటు ఆపి చూడందే ఉండలేడు.

చేసే పని కూడా దానికి తగ్గట్టే దొరికింది. కరెంటు పోగానే జనరేటర్ ఇంజన్ని దానంతటదే లేపే కంట్రోలర్లు బిగిస్తాడు. అరచేతికి కాస్త పెద్ద డబ్బా, దానికో చిన్న తెర, కింద బటన్లు. కరెంటు పోతే ఆ డబ్బా ఇంజన్ని తట్టి లేపుతుంది. లేవకపోతే కాస్త ఆగి మళ్లీ తడుతుంది. మూడోసారికీ లేవకపోతే సైరన్ మోగించి చుట్టుపక్కల అందరినీ లేపుతుంది. నడిచే ఇంజన్‌లో ఆయిల్ తగ్గినా, ఒళ్లు కాలిపోతున్నా తనే ఆపేసి కాపాడుతుంది. అంత తెలివైన డబ్బాని బిగించినవాడు ఇంటికెళ్లి హాయిగా నిద్రపోవచ్చు. ఈయనకే ఆ నమ్మకం లేదు.

“బాగానే ఉన్నానని డబ్బా చెబితే చాలదు. మెయిన్ తీసి చూడాలి. చెడితే నేనున్నప్పుడే చెడాలి,” అంటాడు.

అందుకే బంధువుల్లో ఆయన పేరు చీకటి బాబాయి. ఎవరింటికి వెళ్లినా చెప్పులు విప్పుతూనే “మీ మెయిన్ ఎక్కడ?” అని అడుగుతాడు. బాగున్నారా అన్నది చీకటి పడ్డాక అడుగుతాడు. అపార్ట్‌మెంట్ అయితే ముందు మెట్లన్నీ ఎక్కి, లిఫ్టులో ఎవరూ లేరని చూసుకుని, మెట్లన్నీ దిగి, అప్పుడు తీస్తాడు. ఈలోగా ఆయాసంతో మాట రాదు కాబట్టి ఎందుకు తీశాడో అడిగినవాళ్లకి చెప్పలేడు. “ఈయన ఇంట్లో ఉన్నంతసేపూ కరెంటు ఆఫీసువాళ్లు కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. వాళ్ల పని ఈయనే చేసిపెడతాడు,” అంటుంది పిన్ని.

వింత ఏమిటంటే ఆయన చెయ్యి పడిన చోటల్లా ఏదో ఒకటి చెడేది. పళ్ల డాక్టరు దగ్గర మెయిన్ తీస్తే ఇంజన్ మూలిగి ఊరుకుంది. బ్యాటరీ చచ్చింది. “నా చెయ్యి తగిలి వైరు ఊడింది డాక్టరుగారూ,” అన్నాడు.

“నీ చెయ్యి సంగతి తర్వాత. కుర్చీలో ఆయన నోరు మూసుకోవాలో వద్దో తెలియక అలాగే ఉండిపోయాడయ్యా!” అని డాక్టరు అరిచాడు.

లాడ్జిలో మెయిన్ తీస్తే ఇంజన్ నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయింది. డీజిల్ కుళాయి కట్టేసి ఉంది. “పరధ్యానంలో నేనే కట్టేశానండీ.” మేనేజరు వాచ్‌మన్ని పక్కన నిలబెట్టుకుని మరీ తిట్టాడు. ఆయన ఆ తిట్లని వేడి కాఫీలా నెమ్మదిగా, ఒక్కొక్కటిగా పుచ్చుకున్నాడు. తోడు వెళ్లిన అన్న కూతురికే సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

అలాంటి మనిషి ఇవాళ హేచరీకి వచ్చాడు. అదీ గుడ్లు పిల్లలయ్యే రోజు.

హేచరీ ఆ అమ్మాయి నాన్నది. ఈ బ్యాచ్ మాత్రం ఆమెది. “అంతా నువ్వే చూసుకో. పిల్లలు సరిగ్గా దిగితే హేచరీ నీ చేతికిస్తాను. లేదా ఎవరైనా మేనేజర్ని పెట్టుకుంటాను,” అని నాన్న తేల్చి చెప్పాడు. అప్పట్నుంచి ఆమెకి తిండి సయించడం లేదు. గుడ్లున్న పెట్టె అద్దంలోంచి థర్మామీటర్ చూడటం, రెండడుగులు వేయడం, సరిగ్గా చూశానా అని వెనక్కి రావడం. అందరూ గుడ్లకి చలి తగులుతుందేమో అంటారు. ఆమె భయం అది కాదు. చివరి రోజుల్లో గుడ్లు తామే వేడి పుట్టిస్తాయి. ఫ్యాన్లు ఆగితే పెట్టెలో తమ వేడికి తామే ఉడికిపోతాయి.

తెల్లవారాక కరెంటు ఒకసారి పోయి వచ్చింది. జనరేటర్ షెడ్డులో ఇంజన్ చటుక్కున లేచింది. మంచిదే. కానీ కరెంటు వచ్చాక కూడా ఆగలేదు. ఎవరికీ అక్కర్లేకపోయినా ఊరికే తిరుగుతూనే ఉంది. డబ్బాకి మతి పోయిందా? ఇంజన్ కాలిపోతుందా? ఆమె పరుగెత్తుకెళ్లి డబ్బా మీది ఎర్ర బటన్ నొక్కింది. ఇంజన్ ఆగింది. ఆమె గుండెదడ మాత్రం చాలాసేపు ఆగలేదు.

ఇప్పుడు మెయిన్ స్విచ్ కింద స్టూలు వేసుకుని కాపలా కూర్చుంది. ఆయన జేబుల్లో చేతులతో నడవాలో ఆ చివర్నించి ఈ చివరికి తిరుగుతున్నాడు.

“ఒక్కసారి తల్లీ. తీస్తాను, వేస్తాను. కనురెప్ప వేసినంతసేపు.”

“వద్దు.”

“నిజంగా పోయినప్పుడు లేవకపోతే?”

“ఎందుకు లేవదు? పొద్దున లేచిందిగా!”

“పొద్దునా?” ఆయన టక్కున ఆగాడు. “ఆగింది కూడా దానంతటదేనా?”

ఆమె జవాబు చెప్పేలోగా లోపల పనిచేసే ఆవిడ కేక వేసింది. “అమ్మా, మొదటి పిల్ల బయటికొచ్చింది!”

ఆమె కాపలా మరిచి పరుగెత్తింది. అద్దానికి ముక్కు ఆనించిందో లేదో, దీపాలు ఆరిపోయాయి. ఫ్యాన్లు గొణుక్కుంటూ నెమ్మదించి ఆగాయి. చీకట్లో గుడ్ల లోపలి కిచకిచలు తప్ప ఇంకేమీ లేదు.

“బాబాయ్!” గోడలు తడుముకుంటూ వచ్చింది. “నిన్ను... నిన్నేం చెయ్యాలి నేను?”

“ఉష్. వినబడుతోందా?”

“ఏం వినాలి?”

“అదే. ఏమీ వినబడట్లేదు. ఒక్కసారైనా తట్టలేదు.” ఆయన వెంటనే మెయిన్ వేసేశాడు. ఫ్యాన్లు మళ్లీ తిరగసాగాయి. ఇద్దరూ షెడ్డుకి పరుగెత్తారు. డబ్బా మీద ఎర్ర దీపం ప్రశాంతంగా వెలుగుతోంది.

“పొద్దున నువ్వే ఆపావా?”

“కరెంటొచ్చినా తిరుగుతూనే ఉంటే...”

“పరిగెత్తి వచ్చినవాడు కాసేపు ఒగరుస్తాడు కదా తల్లీ, ఇదీ అంతే. చల్లబడ్డాక తనే ఆగుతుంది. నువ్వు ఎర్రది నొక్కితే ఇక డ్యూటీ దిగిపోయినట్టే. మళ్లీ ఆటో నొక్కేదాకా లోకం చీకటైనా దానికి పట్టదు.” ఆయన ఆటో నొక్కాడు. పచ్చ దీపం వెలిగింది.

ఆమె ఆ పచ్చ దీపం వైపే చూస్తూ గోడని పట్టుకుంది. సరిగ్గా అప్పుడే నాన్న వచ్చాడు.

“ఇందాక ఫ్యాన్లెందుకు ఆగాయి? ఇంజన్ ఏమైంది?”

ఆమె నోరు తెరిచింది.

“నేనే అన్నయ్యా,” అన్నాడు బాబాయి. “పోయినసారి చూసినప్పుడు ఆఫ్‌లో పెట్టి మర్చిపోయాను. ఇప్పుడే కనబడింది.”

“డబ్బాలు బిగించి బతికేవాడివి, బటన్ నొక్కడం మర్చిపోతావురా? పిల్లలన్నీ పెట్టెలోనే పోయేవి! నీ చెయ్యి పడితే చాలు, బాగున్నది కూడా తగలడుతుంది! ఇంకెప్పుడూ ఈ గేటు లోపల కనబడకు!”

“అలాగే అన్నయ్యా,” అంటూ బాబాయి చేతులు మళ్లీ జేబుల్లో పెట్టుకున్నాడు.

దీపాలు ఆరిపోయాయి.

ఇద్దరూ ఒక్కసారిగా ఆయనవైపు తిరిగారు. ఆయన రెండు చేతులూ జేబుల్లోంచి లాగి నెత్తి మీదికెత్తాడు.

“నేను కాదు!”

ఇంజన్ ఒకసారి మూలిగింది. ఆగింది. డబ్బా తొందరపడలేదు. కాస్త ఆగి మళ్లీ తట్టింది. ఇంజన్ దగ్గి, కసిరి, గట్టిగా అందుకుంది. హేచరీలో ఫ్యాన్లు తిరిగిన చప్పుడు వినబడ్డాకే నాన్న నుదుటి చెమట తుడుచుకున్నాడు.

“సరే, అదృష్టం. నువ్వు మాత్రం బయల్దేరు.”

బాబాయి గేటు వైపు నడిచాడు. మొహంలో కోపం లేదు, బాధ లేదు. ఆ మొహాన్ని ఆమె లాడ్జిలోనూ చూసింది. వెనకే వెళ్లింది.

“బాబాయ్, లాడ్జిలో డీజిల్ కుళాయి నువ్వే కట్టేశావా?”

“ఆఁ.”

“ట్యాంకు మేడ మీదుంది. నువ్వు కిందే ఉన్నావు. నేను పక్కనే ఉన్నాను.”

ఆయన చెప్పులో రాయి వెతుక్కున్నాడు. “కట్టేసింది వాచ్‌మన్. వాడికి అప్పుడే పని దొరికింది పాపం.”

“పళ్ల డాక్టరు దగ్గర?”

“బ్యాటరీలో నీళ్లు పొయ్యడం అక్కడి అమ్మాయి మర్చిపోయింది. అందరూ మర్చిపోతారే. నిజంగా కరెంటు పోయినప్పుడు బయటపడితే ఎవరో ఒకరి ఉద్యోగం ఊడుతుంది. నేను తీసినప్పుడు బయటపడితే నాలుగు తిట్లతో సరి. తిట్లకి నా ఆయిల్ ప్రెజర్ ఏం తగ్గదులే.”

ఆమె ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని షెడ్డుకి లాక్కొచ్చింది. నాన్న ఇంకా అక్కడే ఉన్నాడు.

“నాన్నా, ఆ ఎర్ర బటన్ నొక్కింది నేను.”

“దానికేం తెలుసు అన్నయ్యా! చిన్నపిల్ల, ఏదో నన్ను కాపాడాలని...”

“నువ్వు కాసేపు ఆఫ్‌లో ఉండు బాబాయ్,” అని నాన్న వైపు తిరిగింది. “మేనేజర్ని పెట్టుకుంటావో, నన్నే ఉంచుతావో నీ ఇష్టం. నేనుంటే మాత్రం, బాబాయి వచ్చి మెయిన్ తీసి చూశాకే గుడ్లు లోపలికి వెళ్తాయి.”