కొంగు కోసం లేచిన చెయ్యి

పెళ్లయిన రెండో ఏడు, అరవైల మొదట్లో, సిరుగుప్ప దగ్గర మా ఊరి పంచాయతీలో ఆడవాళ్ల సీటుకు మామగారు నా పేరు రాయించారు. తాగునీటి బావి మా వీధిలోనా, ఊరి చివర కూలీల గుడిసెల దగ్గరా అన్నది తేల్చడానికే ఆనాటి సభ. మా వీధిలోనే కావాలని మామగారి పట్టు.

"గుడిసెల పక్క ఎవరప్పా, చేతులెత్తండి!" అన్నాడు సెక్రటరీ. సరిగ్గా అప్పుడే మామగారు లోపలికొచ్చారు. అలవాటుగా తలమీదికి కొంగు లాక్కున్నాను. సెక్రటరీ నన్నూ లెక్కేశాడు. ఆ ఒక్క చేత్తో బావి గుడిసెలకు వెళ్లిపోయింది!

మామగారి ముఖం మాడిపోయింది. "ఏమ్మా, చెయ్యెత్తితివా, సెరగు సర్దుకుంటివా?"

వాకిట్లో ఖాళీ బిందెలతో నిలబడ్డ గుడిసెల ఆడవాళ్లు నన్నే చూస్తున్నారు.

"చెయ్యే ఎత్తినా మామా."

చెయ్యి పొరపాటున లేచింది. ఆ మాట మాత్రం తెలిసే అన్నాను.