రెండు చుట్టల దూరం

పలాస బస్టాండులో నా పక్కన కూర్చున్న ఉద్యోగస్తుడొకాయన ఫోను చూసి, ఢిల్లీ నుంచి లండను ఆరువేల ఏడువందల కిలోమీటర్లనీ, ఎదురుగాలి వల్ల విమానానికి పోయేటప్పుడు తొమ్మిదిన్నర గంటలు, వచ్చేటప్పుడు ఎనిమిదిన్నరేననీ నాకు పాఠం చెబుతున్నాడు. అవతలి బెంచీ మీది ముసలమ్మ దగ్గర్నుంచి చుట్ట వాసన వచ్చింది. ఒకే దూరానికి రెండు కాలాలుంటాయని ఫోను చూసి నాకు చెప్పాలా? బడి గడప తొక్కని నేను ఆ సంగతి ఏడో ఏటే నేర్చుకున్నాను.

మాది వజ్రపుకొత్తూరు దిక్కున సముద్రపొడ్డు ఊరు. ఎండలు ముదిరితే రాలిన జీడిపళ్ల పులుపు వాసన, మేం ఇసుకలో కాల్చుకు తినే జీడిపిక్కల పొగ, వాటి జీడిరసం తగిలి పొక్కిన మా పెదాలు, వీధంతా ఆరేసిన ఎండుచేపలు. ఆ చేపల గంప నెత్తిన పెట్టుకుని నాన్నమ్మ రోజూ సుమ్మాదేవి రైలు స్టేషనుకు నడిచిపోయేది. మా వైపు ఆడవాళ్లందరిలాగే చుట్ట నిప్పును నోటి లోపలికి పెట్టుకుని కాల్చేది. దూరాలన్నీ ఆమెకు చుట్టలే; నడుస్తూ ఒక చుట్ట కాల్చేసేంత దూరం ఒక చుట్ట. బావి అరచుట్ట, సంత చుట్టన్నర. నాన్నకు సముద్రం మీద దారులే తెలుసు, నేల మీదివి తెలియవు.

నా ఏడో ఏట అమ్మకు రెండు రోజులుగా పురిటినొప్పులు. పలాస ఆస్పత్రికి తీసుకుపొమ్మని మంత్రసాని చేతులెత్తేసింది.

"అమ్మా, సుమ్మాదేవెంత దూరమే?" అన్నాడు నాన్న.

"రెండు సుట్టలురా," అని నాన్నమ్మ లోపలికి వెళ్లిపోయింది.

నాన్న పొద్దువంక చూశాడు. రెండు చుట్టలే కదా, పలాస పోయే మధ్యాహ్నం బండికి ఇంకా వేళుందనుకున్నాడు. మంచం మొయ్యడానికి మనుషులు కావాలి. మావల పడవ ఒడ్డుకు వచ్చేదాకా ఆగాడు.

జీడితోటల్లో కాళ్లు కాలే ఇసుకలో మంచం మోసుకుపోతుంటే, రాలిన పళ్లు మా పాదాల కింద చితికిపోయాయి. నాన్న రెండో చుట్ట కూడా అయిపోయింది. ఎదురుగా ఇంకా తోటలే. వెనక్కి తిరిగి చూశాడు. మంచం పక్కన నడుస్తున్న నాన్నమ్మ పెదాల మధ్యనుంచి పొగ వస్తూనే ఉంది.

"రెండు సుట్టలన్నావు కదే."

"రెండే. ఇది ఒకటోది."

బయట నిప్పున్న మగవాడి చుట్టను సముద్రపు గాలి తినేస్తుంది. నోట్లో నిప్పును గాలి ముట్టదు, అది నిదానంగా కాలుతుంది. నాన్న అక్కడే నిలబడిపోయాడు.

"నడు బావా, ఏటి నిలబడిపోనావు?" అన్నాడు పెద్దమావ.

మేం స్టేషను ముందరి చేనుగట్టు ఎక్కేసరికి బండి కదిలిపోతోంది. సాయంత్రం బండి రాకముందే అమ్మ పోయింది, కడుపులోని బిడ్డా పోయింది. తప్పు చుట్టదని అన్నవాళ్లున్నారు. నేననను. ఆస్పత్రిని పట్నంలో పెట్టుకుని, దూరాన్ని మా కాళ్లకు వదిలేసినవాళ్లను ఎవరేమన్నారు?

ఆ తర్వాత ఎవరు దారి అడిగినా నాన్నమ్మ, "నాకు తెల్దు, ఇంకెవలినైనా అడగండి" అనేది.

ఇప్పుడా తోటల్లో సగం తుపానులకు పోయాయి. ఆ కాలిబాట ఎక్కడుండేదో నాకే ఆనవాలు దొరకదు. చుట్టల్లో దూరం చెప్పే మనిషి ఊళ్లో ఒక్కరూ మిగల్లేదు.

మొన్న మా వీధి కోడలికి నొప్పులొస్తే అంబులెన్సుకు ఫోను చేశారు. అరగంటలో వస్తామన్నారట. ఫోను నేను తీసుకుని, "ఎవల అరగంట బాబూ?" అన్నాను. నా చేతికర్ర అడ్డం పెట్టి రోడ్డు మీద పోతున్న ఆటోను ఆపి, పిల్లను ఎక్కించాను. ఆ అరగంట ఎవరిదో కనుక్కోవడానికి నేను ఆగలేదు.