ద్వాళి కుట్టిన సంచి

1993లో మిర్యాలగూడ కిరాణా కొట్లలోకి ప్లాస్టిక్ కవర్లు వచ్చాయి. పన్నెండేళ్లుగా గుడ్డ సంచులు కుట్టి వారపు అంగట్లో అమ్ముకుంటున్న తండా ఆడమనిషి ద్వాళికి బేరాలు పడిపోయాయి.

"ఇగ నీ సంచులు ఎవలు కొంటరు? కవరు మేం ఉత్తగనే ఇస్తున్నం గద" అన్నాడు కొట్టు యజమాని ఏకాంబరం.

ద్వాళికి ఒళ్లు మండింది. "అయితే ఏది ఆగుతదో సూద్దాం పా సేటూ! కవర్ల, గోనెసంచిల, నా గుడ్డసంచిల తలా ఐదు కిలోల ఉల్లిగడ్డ పొయ్యి" అంది.

ఒకదాని తర్వాత ఒకటి పట్టుకుని అంగడంతా తిరిగింది. జనం వెంట నడిచారు. కవరు పిడి సాగి వేళ్లను కోసింది, మలుపు దగ్గర పిగిలి ఉల్లిగడ్డలు దొర్లిపోయాయి. గోనె చెక్కుచెదరలేదు గానీ కాలి పిక్కను గీరేసింది. గుడ్డ సంచి చేతికి హాయిగానే ఉంది, కానీ అడుగున కుట్టు విడిపోయింది.

"నాది గూడ ఓడింది, దాస్తలేను" అని అందరి ముందే ఒప్పుకుంది ద్వాళి.

మరుసటి అంగడికి అడుగున గోనె, పైనా పిడికీ మందపాటి గుడ్డ వేసిన కొత్త సంచులు తెచ్చింది. మధ్యాహ్నానికే అన్నీ అమ్ముడయ్యాయి. ఏకాంబరం తానే వచ్చి, తన కొట్టు పేరు అచ్చేయిస్తే వంద సంచులు తీసుకుంటానన్నాడు.

"మోసేది జనం, కుట్టేది నేను. నడుమ నీ పేరెందుకు సేటూ?" అంటూ ద్వాళి సూది అందుకుంది.